అమెరికా జాతీయ అడవుల్లో ఉచిత బస

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని ప్రభుత్వ అటవీ భూముల్లో, కట్టిన క్యాంప్‌గ్రౌండ్‌కు వెలుపల, రుసుము కట్టకుండా, ముందుగా చోటు బుక్ చేసుకోకుండా రాత్రి బస చేసే పద్ధతి ఇది. అక్కడి అటవీ శాఖ దీన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటుంది. జనం ఒకచోట గుమిగూడకుండా ఎవరికి వారు చెదిరి దిగుతారు గనుక ఆ పేరు. అక్కడ కుళాయి ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, చెత్తకుండీ ఉండదు. తెచ్చుకున్న నీళ్లే తాగాలి, మిగిలిన చెత్తను తమతోనే మోసుకుపోవాలి. వ్యాన్లు, ట్రెయిలర్లు వేసుకుని తిరిగేవాళ్ల నోట దీని పేరు బూన్‌డాకింగ్. ఫిలిప్పీన్స్‌లో పోరాడి వచ్చిన అమెరికన్ సైనికులు తగాలోగ్ భాష నుంచి తెచ్చుకున్న మాటకు ఇది రూపాంతరం. బుందోక్ అంటే ఆ భాషలో కొండ.

ఈ పద్ధతి ప్రధానంగా రెండు సంస్థల భూముల్లో ఉంది. వ్యవసాయ శాఖ కింద పనిచేసే ఫారెస్ట్ సర్వీస్ చేతిలో 154 జాతీయ అడవులున్నాయి. పచ్చిక మైదానాలతో కలిపి వాటి విస్తీర్ణం సుమారు 19.3 కోట్ల ఎకరాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండూ కలిపినా అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. అంతర్గత వ్యవహారాల శాఖలోని బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో మరో 24.5 కోట్ల ఎకరాలున్నాయి, అందులో ఎక్కువ భాగం పశ్చిమ రాష్ట్రాల ఎడారి, గడ్డి నేల. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు యోసెమిటీ, ఎల్లోస్టోన్ లాంటి జాతీయ పార్కులు బాగా తెలుసు. వాటి హద్దు దాటగానే మొదలయ్యే జాతీయ అడవిది వేరే శాఖ, వేరే చట్టం, వేరే స్వభావం. పార్కులో అనుమతించిన చోటే దిగాలి. అడవిలో వద్దన్న చోటు తప్ప ఎక్కడైనా దిగవచ్చు.

ఈ స్వేచ్ఛను ఇచ్చిన చట్టం కోసం వెతికితే దొరకదు. అడవిలో ఉచితంగా బస చేయడం పౌరుల హక్కు అని అమెరికన్ కాంగ్రెస్ ఏనాడూ తీర్మానించలేదు. స్వీడన్‌లో అందరి హక్కుగా రాజ్యాంగంలో చోటు చేసుకున్న సంప్రదాయం లాంటిదీ, 2003లో స్కాట్లాండ్ చేసిన భూసంస్కరణ చట్టం లాంటిదీ ఇక్కడ లేదు. నిషేధాలు అందని ఖాళీలో ఇది పుట్టింది. ఆ ఖాళీ చుట్టూ ఒక్కొక్కటిగా గీతలు గీసుకుంటూ వచ్చిన వైనమే దీని చరిత్ర.

అడ్డుకోని చట్టం

1891 మార్చిలో కాంగ్రెస్ చేసిన ఒక భూచట్టం చివర, 24వ సెక్షన్‌గా, అటవీ రిజర్వులను ప్రకటించే అధికారం అధ్యక్షుడికి దక్కింది. అదే నెల 30న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఎల్లోస్టోన్ పార్కును ఆనుకుని తొలి రిజర్వును ప్రకటించాడు. అక్టోబరులో కొలరాడోలోని వైట్ రివర్ పీఠభూమి వంతు వచ్చింది. ఆ పీఠభూమి యూట్ జాతి ప్రజల వేటభూమి. 1879లో వైట్ రివర్ ఏజెన్సీ అనే ప్రభుత్వ కార్యాలయం దగ్గర జరిగిన ఘర్షణ తర్వాత, 1881లో ప్రభుత్వం వాళ్లను యూటాకు తరిమేసింది. అంటే రిజర్వు ఏర్పడేనాటికి అక్కడి అసలు నివాసులు వెళ్లగొట్టబడి పదేళ్లయింది. ఇవాళ ఎవరైనా గుడారం వేసుకోవచ్చని చెప్పే ఆ నేల మీద తరతరాలుగా గుడిసెలు వేసుకున్నవాళ్లు లేకుండా పోవడం ఈ చరిత్రలో మొదటి అధ్యాయం. దీన్ని విడిచిపెట్టి మిగతా కథ చెప్పడం న్యాయం కాదు.

1891 చట్టం రిజర్వులను ప్రకటించింది తప్ప వాటిని ఎలా వాడుకోవాలో చెప్పలేదు. ఆ పని 1897 జూన్ 4 నాటి చట్టం చేసింది. అడవిని కాపాడటం, నీటి ప్రవాహాలను నిలబెట్టడం, కలప సరఫరా సాగించడం రిజర్వుల లక్ష్యాలని చెప్పింది. అందులోనే ఒక వాక్యం, న్యాయమైన పనుల మీద వచ్చే ఏ వ్యక్తినీ రిజర్వులోకి రాకుండా ఈ చట్టం అడ్డుకోదని, వచ్చినవారు నియమాలు పాటించాలని అంటుంది. నాడు కాంగ్రెస్ మనసులో ఉన్నది గనుల కోసం వెతికేవాళ్లు, చుట్టుపక్కల సెటిలర్లు. సరదాగా గుడారం వేసుకునేవాళ్లు ఎవరికీ గుర్తులేరు. అయినా రావచ్చని కాక, రావడాన్ని అడ్డుకోదని రాసిన ఆ తీరు తర్వాతి వందేళ్లకు పైగా క్యాంపర్లకు అండగా నిలిచింది. ఇప్పటి ఫెడరల్ నిబంధనలదీ అదే తీరు: అడవి మొత్తం తెరిచే ఉంటుంది, ఫలానా చోట బస కూడదంటే ఆ అడవి అధికారి కారణం చూపి లిఖితంగా ఆదేశం ఇవ్వాలి.

ఇక్కడ మన అడవుల ప్రస్తావన తప్పదు, ఎందుకంటే రెండు దేశాల అటవీ పాలనకూ ఒక ఉమ్మడి గురువు ఉన్నాడు. 1864లో బ్రిటిష్ ఇండియాకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయిన జర్మన్ శాస్త్రజ్ఞుడు డీట్రిక్ బ్రాండిస్, పదవీ విరమణ తర్వాత బాన్ నగరంలో ఉండగా, అటవీ విద్య కోసం యూరప్ వచ్చిన గిఫర్డ్ పించో అనే అమెరికన్ యువకుడికి దారి చూపాడు. 1905లో రిజర్వులు వ్యవసాయ శాఖకు బదిలీ అయినప్పుడు ఫారెస్ట్ సర్వీస్‌కు మొదటి అధిపతి ఆ పించోయే. 1907లో రిజర్వులకు జాతీయ అడవులని పేరు మార్చారు. పించో అడవిని వాడుకోవాలనే పక్షం మనిషి. గురువు ఒకరే అయినా చట్టాలు ఎదురెదురుగా నిలిచాయి. 1878 నాటి భారత అటవీ చట్టంలో రిజర్వు అడవి అంటే అనుమతించినవి తప్ప మిగిలినవన్నీ నేరాలు. మద్రాసు ప్రెసిడెన్సీ 1882లో వేరే చట్టం చేసుకున్నా, తెలుగు జిల్లాల రైతుకూ గిరిజనుడికీ అడవి గుమ్మం మూసుకుపోయింది. పశువును అడవిలో మేపితే పుల్లరి కట్టాలి, పోడు కొడితే శిక్ష. పల్నాడులో పుల్లరిని ఎదిరించి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు. అదే ఏడు మన్యంలో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటు వెనుకా అటవీ నిబంధనల వేదన ఉంది. నేటికీ నల్లమల అంచున మన్ననూరులో గానీ, మారేడుమిల్లిలో గానీ రాత్రి ఉండాలంటే ఏర్పాటు చేసిన బసకు డబ్బు కట్టాలి. రిజర్వు అడవిలో ఇష్టమొచ్చిన చోట గుడారం వేస్తే కేసు పెడతారు. అమెరికన్ క్యాంపర్ గాలిలా తీసుకునే స్వేచ్ఛ ఎంత అరుదైనదో ఈ పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది.

కారు వచ్చాక

తొలి రోజుల్లో క్యాంపర్లు తక్కువ. గుర్రాల మీదో బండ్ల మీదో వచ్చేవాళ్లు. 1908లో ఫోర్డ్ మోడల్ టీ కారు వచ్చాక లెక్క మారిపోయింది. పక్కన గుడారం కట్టుకుని, వెనుక వంటసామాను వేసుకుని మామూలు కుటుంబాలు కొండల దారి పట్టాయి. హోటలుకు డబ్బు పెట్టలేనివాళ్లకు ఇది తొలిసారి దొరికిన సెలవు. కొత్త సమస్యలు కూడా వెంటనే వచ్చాయి: ఆర్పకుండా వదిలేసిన నెగళ్లు, ఏటి ఒడ్డునే మలవిసర్జన, చెట్ల మొదళ్ల దాకా దూసుకొచ్చే చక్రాలు.

జనాన్ని ఒకచోట చేర్చడమే అప్పుడు తోచిన పరిష్కారం. ఒరెగాన్‌లో కొలంబియా నది లోయ వెంట కొత్త రహదారి పడ్డాక, 1916లో ఈగిల్ క్రీక్ దగ్గర ఫారెస్ట్ సర్వీస్ తన మొదటి కట్టిన క్యాంప్‌గ్రౌండ్‌ను తెరిచింది. బల్లలు, మరుగుదొడ్లు, పొయ్యిలు పెట్టింది. చెదిరిన బసకు ప్రత్యేకమైన గుర్తింపు దక్కింది కూడా దీనివల్లే. అంతకుముందు క్యాంపింగ్ అంతా ఒకటే. కట్టినది ఒకటి వచ్చాకే కట్టనిది వేరే రకమైంది.

1919లో సంస్థ తన మొదటి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌గా ఆర్థర్ కార్‌హార్ట్‌ను తీసుకుంది. వైట్ రివర్ అడవిలోని ట్రాపర్స్ సరస్సు చుట్టూ వేసవి ఇళ్లకు స్థలాలు కొలవమని పంపితే, ఇక్కడ ఇళ్లే కట్టకూడదని నివేదిక ఇచ్చి వచ్చాడు. సరస్సు ఒడ్డు కొద్దిమంది సొంతం కాకుండా అందరిదీ కావాలన్నది అతని పట్టుదల. 1915లో కాంగ్రెస్ చేసిన చట్టం వేసవి ఇళ్లకు 30 ఏళ్ల వరకు పర్మిట్లిచ్చే వీలు కల్పించిన కాలమది. ఆ ప్రవాహానికి ఎదురు నిలిచి ఒక యువ ఉద్యోగి చెప్పిన మాట చెల్లిందంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. తర్వాత కార్‌హార్ట్ సాన్ ఇసబెల్ అడవికి క్యాంపుల ప్రణాళిక గీశాడు గానీ కాంగ్రెస్ డబ్బివ్వలేదు. స్థానికులే సంఘం పెట్టుకుని విరాళాలతో కొంత కట్టించారు. విసిగిపోయి అతను 1922లో ఉద్యోగం వదిలేశాడు. ఉచిత బస బతికి ఉండటానికి ఈ డబ్బులేమి కూడా ఒక కారణం. కట్టడానికి నిధులు లేనంతకాలం జనం చెదిరే ఉన్నారు.

ఊళ్లలో జరిగింది దీనికి భిన్నం. 1920ల ఆరంభంలో అమెరికన్ పట్టణాలు పోటీలు పడి కార్ల యాత్రికులకు ఉచిత మైదానాలు తెరిచాయి, డెన్వర్‌లోని ఓవర్‌ల్యాండ్ పార్కు వాటిలో పేరుపడ్డది. కొన్నేళ్లకే పని వెతుక్కుంటూ తిరిగే పేదలు అక్కడ దిగడం మొదలైంది. వాళ్లను రానీయకుండా ఉండేందుకు ఊళ్లు రుసుము పెట్టాయి. ఉచిత మైదానాలు అలా అంతరించాయి. అడవిలోని ఉచితం మాత్రం మిగిలింది.

మైనెకీ చూసిన వేళ్లు

చెట్టు రోగాలు చదివిన ఎమిలియో మైనెకీ అనే శాస్త్రజ్ఞుడు 1920ల చివర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ వనాల్లో ఒక సంగతి గమనించాడు. క్యాంపర్లు చెట్లను నరకకపోయినా చెట్లు చనిపోతున్నాయి. అడుగులకూ చక్రాలకూ నేల గట్టిపడి, వేళ్లకు గాలీ నీరూ అందడం లేదు. మనిషి ఊరికే నిలబడటం కూడా అడవికి భారమేనని ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లు అంతకు ముందు లేరు. 1930ల ఆరంభంలో అతను సూచించిన నమూనా ప్రకారం కారు ఒకే దిశలో వెళ్లే వంపు దారి, ప్రతి చోటుకూ చిన్న పార్కింగ్ పాయ, చక్రం దాటకుండా అడ్డంగా బండరాళ్లు. 1933 నుంచి 1942 దాకా సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ ఉపాధి పథకం యువకులు దేశమంతటా ఆ నమూనాలోనే క్యాంప్‌గ్రౌండ్లు కట్టారు. ఈ రోజు అమెరికాలో ఏ ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగినా కనిపించేది మైనెకీ గీసిన వంపే.

అతని ప్రశ్నకు రెండో సగం జవాబు కొన్ని దశాబ్దాల తర్వాత వచ్చింది. ఫారెస్ట్ సర్వీస్ పరిశోధకుడు డేవిడ్ కోల్, మరికొందరు కొండల్లోని బస స్థలాలను ఏళ్ల తరబడి కొలిచి తేల్చిందేమిటంటే, నష్టంలో అధిక భాగం మొదటి కొద్ది రాత్రుల్లోనే జరిగిపోతుంది. ఆ తర్వాత మరెందరు దిగినా అదనపు నష్టం తక్కువ. కోలుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. కాబట్టి చెదరడం అన్నిచోట్లా మంచిది కాదు. జనం ఎక్కువగా వచ్చే చోట పాత మచ్చ మీదే దిగాలి, ఎవరూ రాని చోట గుర్తు మిగలకుండా చెదరాలి. చెదిరిన బస అనే పేరే పెట్టుకున్న పద్ధతికి, ఇదివరకే ఎవరో దిగిన చోటే దిగండని సలహా ఇవ్వడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే. నీటికి 200 అడుగుల దూరంలో దిగాలి, మలాన్ని 6 నుంచి 8 అంగుళాల గుంత తవ్వి పూడ్చాలి, నెగడు బూడిదను చేత్తో తాకితే చల్లగా ఉండేదాకా నీళ్లు పోసి కలపాలి అనే సూత్రాలు లీవ్ నో ట్రేస్ ప్రచారంగా రూపుకట్టాయి. 1980ల్లో ప్రభుత్వ సంస్థలే నడిపిన ఆ ప్రచారానికి 1994లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది.

నెగడు సంగతి సూత్రాలతో తీరేది కాదు. 2013 ఆగస్టులో కాలిఫోర్నియా స్టానిస్లాస్ జాతీయ అడవిలో ఒక వేటగాడు నిషేధం ఉన్నా వేసిన నెగడు అదుపు తప్పిందని అధికారులు తేల్చారు. రిమ్ ఫైర్‌గా పేరుపడిన ఆ మంట 2,57,000 ఎకరాలను తగలబెట్టి యోసెమిటీ పార్కులోకీ దూకింది. వేసవిలో పశ్చిమ రాష్ట్రాల అడవులు నెగళ్లను పూర్తిగా నిషేధించే ఆదేశాలు ఇప్పుడు మామూలయ్యాయి.

దుంగల దారులు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్ల నిర్మాణానికి కలప కావలసి వచ్చింది. జాతీయ అడవుల్లోకి రోడ్లు దూసుకుపోయాయి. నేడు ఫారెస్ట్ సర్వీస్ లెక్కలో సుమారు 3,70,000 మైళ్ల రోడ్లున్నాయి. వాటిలో చాలా భాగం దుంగల లారీల కోసం వేసినవే. నరుకుడు ఆగాక రోడ్డు మిగిలింది. దుంగలు పేర్చి లారీకెక్కించిన చదును స్థలాలు, తిరగడానికి వేసిన పాయలు గడ్డి పట్టి క్యాంపర్లకు చక్కని బసలయ్యాయి. కారుతో వెళ్లి ఏకాంతంగా దిగే ఇవాళ్టి ఉచిత బస నిజానికి కలప పరిశ్రమ వదిలివెళ్లిన ఆస్తి. అడవి ప్రేమికులకు ఈ మాట రుచించకపోవచ్చు, కానీ నేల మీద చూస్తే కనపడేది అదే.

చట్టాల్లోనూ విహారానికి చోటు పెరిగింది. 1960 నాటి బహుళ ప్రయోజన చట్టం అడవి లక్ష్యాల జాబితాలో విహారాన్ని చేర్చింది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం 91 లక్షల ఎకరాల్లో రోడ్లనూ వాహనాలనూ నిషేధించి, కాలినడకన వచ్చేవాళ్లకు వదిలింది. 1924లో ఫారెస్ట్ సర్వీస్ ఉద్యోగి ఆల్డో లియోపోల్డ్ చొరవతో న్యూమెక్సికోలో ఏర్పడిన గీలా ప్రాంతం వాటికి మొదటి నమూనా. మరోవైపు మోటారు సైకిళ్లు, జీపులు రోడ్డు వదిలి కొండల మీదికి పాకడం మొదలైంది. 1972లో నిక్సన్, 1977లో కార్టర్ జారీచేసిన అధ్యక్ష ఆదేశాలు వాటిని కట్టడి చేయమన్నాయి. అమలు నత్తనడక నడిచింది. 2005 నవంబరులో వచ్చిన ట్రావెల్ మేనేజ్‌మెంట్ నియమంతో అసలు మలుపు వచ్చింది. అప్పటిదాకా చాలా అడవుల్లో మూసినట్టు బోర్డు లేకపోతే వాహనం వెళ్లవచ్చు. ఆ తర్వాత మ్యాపులో గుర్తించిన రోడ్లు, ట్రెయిళ్లు, ప్రాంతాల్లో తప్ప వాహనం కదలకూడదు. ప్రతి అడవీ ఒక నలుపు-తెలుపు మ్యాపు ఉచితంగా ప్రచురించాలి. బస కోసం కొన్ని రోడ్ల పక్కన నిర్ణీత దూరం వరకు వాహనం దిగవచ్చని ఆ మ్యాపులోనే చుక్కలతో చూపిస్తారు, చాలాచోట్ల అది 150 లేదా 300 అడుగులు. నడిచి వెళ్లేవాడికి పాత సూత్రమే మిగిలింది. కారులో వచ్చేవాడికి సూత్రం తలకిందులైంది.

రుసుము తగాదా

1996లో కాంగ్రెస్ ప్రయోగాత్మకంగా అటవీ భూముల్లో రుసుములు వసూలు చేయనిచ్చింది. పశ్చిమ రాష్ట్రాల్లో నిరసన లేచింది. మా భూమి మీద మేం నడవడానికి మాకే టికెట్టా అన్నది వాళ్ల ప్రశ్న. 2004లో దాని స్థానంలో వచ్చిన చట్టం ఆ నిరసన మేరకు హద్దులు పెట్టుకుంది: సదుపాయాలు లేని చోట బసకు గానీ, కేవలం దారి పక్కన బండి ఆపినందుకు గానీ రుసుము అడగరాదు. అరిజోనాలోని మౌంట్ లెమ్మన్ కొండ మీద ఈ హద్దు దాటారని కొందరు నడక ప్రియులు కోర్టుకెక్కితే, 2012లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. ఉచిత బసకు చట్టం చేసిన దగ్గరి వాగ్దానం ఇదొక్కటే, అది కూడా వసూలు చేయరాదని చెప్పే రూపంలోనే ఉంది.

పద్నాలుగు రోజులు

బస ఉచితమైతే అక్కడే ఉండిపోతే ఏమిటన్న ప్రశ్న మొదటి నుంచీ ఉంది. జవాబుగా వచ్చింది గడువు. చాలా అడవుల్లో 14 రోజులు, కొన్నిట్లో 16, జాక్సన్ పట్టణం చుట్టూ బ్రిడ్జర్-టీటన్ అడవిలో రద్దీ కాలంలో 5. బ్యూరో భూముల్లో సాధారణంగా 28 రోజుల్లో 14, ఆ తర్వాత చాలా మైళ్లు జరిగిపోవాలి. అడవిని నివాసంగా వాడుకోవడం నిబంధనల ప్రకారం నేరం. గుంపుల విషయంలో ఇంకో గీత ఉంది. 1972లో కొలరాడోలో మొదలైన రెయిన్‌బో అనే వార్షిక హిప్పీ సమ్మేళనాలకు వేలమంది దిగడం చూసి, 1995లో 75 మంది లేదా అంతకు మించిన గుంపు పర్మిట్ తీసుకోవాలని నియమం పెట్టారు.

నివాసం ప్రశ్నకు బ్యూరో ఒకచోట వేరే జవాబు వెతికింది. చలికాలం తప్పించుకోవడానికి అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారికి వచ్చే వేల ట్రెయిలర్లను చూసి, 1983లో దీర్ఘకాలిక బస ప్రాంతాలను ఏర్పాటు చేసింది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి సీజనుకు ఒక రుసుము. 2008 ఆర్థిక పతనంలో ఇళ్లు పోగొట్టుకుని వ్యాన్లలోకి మారిన వృద్ధులు కూడా ఆ ఎడారికి చేరారు. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన నోమాడ్‌ల్యాండ్ పుస్తకం, దాని ఆధారంగా క్లోయీ జావ్ తీసిన సినిమా వాళ్ల కథే.

2020లో కోవిడ్ వల్ల క్యాంప్‌గ్రౌండ్లు మూతపడ్డాయి, విమానాలు ఆగాయి, జనం కార్లెక్కి అడవికి వచ్చారు. అప్పటిదాకా నోటి మాటగా సాగిన రహస్య స్థలాలు ఫోన్‌లోని యాప్‌ల్లో అక్షాంశ రేఖాంశాలతో కనిపించసాగాయి. కొలరాడోలో క్రెస్టెడ్ బ్యూట్ చుట్టూ ఉన్న లోయలు మలంతో, చెత్తతో నిండాయి. 2021 నుంచి అక్కడ నంబరు వేసిన స్తంభం ఉన్న చోటే దిగాలి. రద్దీ ఉన్న మరిన్ని అడవులు ఇదే బాట పట్టాయి.

ఇళ్ల అద్దెలు పెరిగిన పట్టణాల అంచున సమస్య వేరే రూపం తీసుకుంది. ఒరెగాన్‌లోని బెండ్ పట్టణానికి దక్షిణాన, డిషూట్స్ జాతీయ అడవిలో చైనా హ్యాట్ రోడ్డు వెంట ఇల్లు లేనివాళ్లు ట్రెయిలర్లలో, గుడారాల్లో ఏళ్ల తరబడి ఉంటూ వచ్చారు. వాళ్లలో పట్టణంలో ఉద్యోగాలు చేసేవాళ్లూ ఉన్నారు. 2025 మే 1న ఫారెస్ట్ సర్వీస్ ఆ ప్రాంతాన్ని మూసేసింది. పొదలు, చిన్న చెట్లు తొలగించి, అదుపులో మంట పెట్టి పెద్ద కార్చిచ్చుల ముప్పు తగ్గించడం అందుకు చూపిన కారణం. ఒక నెగడు చుట్టూ రెండు రాత్రులు గడిపి వెళ్లే కుటుంబానికీ, అదే నెగడు మీద రోజూ వండుకునే మనిషికీ అంతకుముందు ఆ రోడ్డు ఒకటే. మూసివేతకు వాడింది ఫలానా చోట బస కూడదని అడవి అధికారి లిఖితంగా చెప్పే ఆ పాత నిబంధననే.